నల్లరాళ్ల దీవిలో సెలవులు



పరీక్షలు ముగిసే రోజులు వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ మొదలవుతుంది. ఈసారి సెలవుల్లో ఎక్కడికి? పెద్దవాళ్లు తిరుపతి అంటారు, పండరిపురం అంటారు. పిల్లలు చల్లటి కొండలు అంటారు. ఈమధ్య కొత్తగా పెళ్లయిన జంటలూ, నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న ఉద్యోగస్తులూ మారిషస్ పేరు కూడా చెబుతున్నారు. ట్రావెల్సు వాళ్లు పంచిపెట్టే క్యాలెండర్ల మీద ఆ దీవి బొమ్మ మీరు చూసే ఉంటారు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, ఒక వంగిన కొబ్బరిచెట్టు. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది సగం బొమ్మ. మిగతా సగం నల్లగా ఉంటుంది. అది అగ్నిపర్వతం కక్కిన రాయి నలుపు. ఆ నల్లరాయిని చూడకుండా మారిషస్ చూసి వచ్చామంటే, గుడి ప్రాకారం చుట్టూ తిరిగి గర్భగుడిలోకి వెళ్లకుండా వచ్చినట్టే. ఈనాటి ప్రసంగంలో ఆ నల్లరాయి వెంబడే మిమ్మల్ని దీవి అంతా తిప్పి తీసుకువస్తాను.

ముందుగా ఆ దీవి ఎక్కడుందో చూద్దాం. మన దేశానికి నైరుతి దిక్కున, హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల దగ్గర ఉంది మారిషస్. ముంబైలో విమానం ఎక్కితే సుమారు ఆరు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన షోలాపూరు జిల్లాలో సుమారు ఎనిమిదో వంతు. పొద్దున బయల్దేరితే ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, భోజనం చేసి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇంత చిన్న నేలమీద కొండలు, జలపాతాలు, అడవి, చెరకు తోటలు, పగడపు దిబ్బలు అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం నన్ను భూగోళం పాఠం చెప్పనివ్వండి. పంతులుద్యోగం చేసేవాడి నోరు ఊరుకోదు మరి.

భూమి పైపొర ఒక్క ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలుగా ఉంది. ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటాయి. వాటి కింద లోతున కొన్నిచోట్ల వేడి ఎక్కువగా ఎగదన్నుతూ ఉంటుంది. ఆ వేడి దాదాపు ఒకే చోట నిలిచి ఉంటే పైనున్న పలక దానిమీదుగా జరిగిపోతుంది. మగ్గం మీద బట్ట ముందుకు సాగుతూ ఉంటే నేతగాడు కూర్చున్నచోటే కూర్చుని మూర మూరకూ ఒక పువ్వు వేస్తాడు చూడండి, అలాగన్నమాట. బట్ట జరుగుతుంది, నేతగాడు జరగడు, పువ్వులు మాత్రం వరసగా పడతాయి. హిందూ మహాసముద్రం అడుగున అలాంటి వేడి స్థానం ఒకటుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట మన భారతదేశపు పలక సరిగ్గా దానిమీద ఉంది. అప్పుడు నేల బద్దలై లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. దాన్నే దక్కను ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరుచుకుని ఉంది. అజంతా, ఎల్లోరా గుహలు చెక్కింది ఆ రాతిలోనే. మన షోలాపూరు నేలకింద ఉన్నదీ, మన పొలాల్లో నల్లరేగడిగా మారిందీ ఆ రాయే. అదే రాయి చాలా దూరాన గోదావరి ఒడ్డున, రాజమండ్రికి అవతల పంగిడి దగ్గర కూడా కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు.

తరవాత మన పలక ఉత్తరానికి జరిగింది. వెనకాల లక్షదీవులు, మాల్దీవులు ఉన్న సముద్రగర్భపు గట్టు ఏర్పడింది. వరసలో ఆఖరుకు, సుమారు 80 లక్షల ఏళ్ల కిందట, మారిషస్ సముద్రంలోంచి పైకి లేచింది. దాని తరవాతి పువ్వు రీయూనియన్ దీవి. అది మారిషస్‌కు నైరుతిగా సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఫ్రాన్సు దేశపు ఏలుబడిలో ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ చల్లారలేదు. తరచుగా లావా కక్కుతూనే ఉంటుంది. మారిషస్‌లో మాత్రం వేల ఏళ్లుగా నిప్పు లేదు. కనక భయపడకుండా వెళ్లవచ్చు. అయితే ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకుని వెళ్లండి. మన ఊరి బావి తవ్వితే తగిలే నల్లరాయికీ, ఆ దీవి రాయికీ పుట్టిల్లు ఒకటే.

ఇక చూడవలసిన చోట్లు.

దీవి నడుమ ఎత్తయిన పీఠభూమి ఉంది. దాని మీద క్యూర్‌పీప్ అనే పట్టణం. సముద్రపు ఒడ్డున ఎండ కాస్తుంటే అక్కడ సన్నటి జల్లు పడుతూ ఉంటుంది. పట్టణంలోనే, ఇళ్ల మధ్యనే, ఒక అగ్నిపర్వతపు నోరు ఉంది. పేరు త్రూ ఓ సెర్ఫ్, అంటే ఫ్రెంచిలో దుప్పుల గుంట అని అర్థం. సుమారు 300 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల లోతు. ఒకప్పుడు నిప్పులు కుమ్మిన ఆ గుంటలో ఇప్పుడు చెట్లు పెరిగాయి. అడుగున కాస్త నీళ్లు నిలిచి ఉంటాయి. అంచు చుట్టూ ఉన్న రోడ్డుమీద పొద్దున్నే జనం షికారు చేస్తుంటారు. అక్కడ నిలబడి దూరంగా చూస్తే విచిత్రమైన ఆకారాల కొండలు కనిపిస్తాయి. ఒకటి బొటనవేలు పైకెత్తినట్టుంటుంది. ఇంకొకటి, పీటర్ బోత్ అనే కొండ, శిఖరం మీద గుండ్రటి బండను తలలా పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఇవి విడివిడి కొండలు కావు. దీవి పుట్టిన కొత్తలో ఉన్న మహా అగ్నిపర్వతం నడుమ కుంగిపోగా, మిగిలిన అంచుల తునకలు. పగిలిన కుండ పెంకుల్లా దీవి చుట్టూ నిలిచి ఉన్నాయి.

అక్కడినుంచి దక్షిణంగా పోతే గంగా తలావ్. ఇదీ అగ్నిపర్వతపు నోరే, నీళ్లతో నిండి సరస్సయింది. పూర్వం గ్రాండ్ బాసిన్ అనేవారు. 19వ శతాబ్దం చివర ఒక పూజారికి ఈ నీళ్లు గంగతో కలిసినట్టు కల వచ్చిందట. అప్పటినుంచీ శివరాత్రికి జనం కాలినడకన కావళ్లు మోసుకుంటూ వచ్చి ఆ నీళ్లు తీసుకుపోయి అభిషేకం చేస్తున్నారు. 1972లో గోముఖం నుంచి గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. ఒడ్డున 2007లో నిలిపిన శివుడి విగ్రహం 108 అడుగుల ఎత్తు. మీరు మామూలు రోజున వెళితే మంచు, నీళ్లలో చేపలు, మెట్లమీద కోతులు, అక్కడక్కడ వెలిగే కర్పూరం. ఎక్కడో ఆఫ్రికా పక్కన ఉన్నామన్న ధ్యాసే ఉండదు.

నైరుతి మూలన షామరెల్ అనే ఊరు ఉంది. అక్కడి ఏడు రంగుల నేల ప్రసిద్ధి. ఎరుపు, గోధుమ, ఊదా, నీలి ఛాయలు తీరిన చిన్న చిన్న మట్టి దిబ్బలు. ఇందులో మాయ లేదు. నల్లరాయి ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని, చివికి, మట్టి అయింది. అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు ఆ రంగులిచ్చాయి. వాన కడిగినా ఆ రంగులు కలిసిపోవు. ఇప్పుడు కంచె కట్టి, ఎవరూ తొక్కకుండా కాపాడుతున్నారు. పక్కనే ఒక జలపాతం నల్లటి రాతి గోడమీంచి సుమారు 90 మీటర్ల కిందికి దూకుతుంది.

సముద్రం సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఈ దీవి చుట్టూ దాదాపు పూర్తిగా పగడపు గట్టు ఉంది. పెద్ద అలలు ఆ గట్టుమీదనే విరిగిపోతాయి. లోపలి నీళ్లు చెరువులా నిలకడగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. ఈతరాని వాళ్లు కూడా నడుములోతు నీళ్లలో దిగి ఆనందించవచ్చు. ఆ తెల్లటి ఇసుకంతా పగడాల పొడి, గవ్వల పొడే. దక్షిణాన గ్రి గ్రి అనే చోట మాత్రం గట్టు తెగిపోయి ఉంటుంది. అక్కడ సముద్రం నేరుగా వచ్చి నల్లటి బండల్ని కొడుతుంది. కాసేపు అక్కడ నిలబడితే ఆ పగడపు గట్టు దీవికి ఎంత మేలు చేస్తోందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 2020 జూలైలో వకాషియో అనే సరుకుల ఓడ ఆగ్నేయ తీరంలో ఆ గట్టుకు తట్టుకుని నిలిచిపోయింది. ఆగస్టులో దానిలోని నూనె సముద్రంలోకి కారింది. అప్పుడు ఊళ్ల జనం చెరకు ఆకు, పిప్పి గుడ్డ సంచుల్లో కూరి, పొడుగాటి చుట్టలుగా కుట్టి, నూనె ఒడ్డుకు చేరకుండా నీళ్లమీద అడ్డం వేశారు. ఎవరి పిలుపుకూ ఆగకుండా వాళ్లంతట వాళ్లే కదిలారు. కనక పర్యాటకులుగా మనం చేయవలసింది కనీసం ఒకటుంది. పగడం ముక్క విరవకూడదు, గవ్వలు మూటగట్టుకుని రాకూడదు.

ఈ దీవికి మనుషులు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. 1598లో డచ్చివాళ్లు వచ్చి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. నల్లచేవ చెట్లను నరికారు. 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. డోడో అనే ఎగరలేని పెద్ద పక్షి ఈ దీవిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. మనిషి వచ్చి వందేళ్లు గడవకముందే అది అంతరించింది. దాని అస్థిపంజరం పోర్ట్ లూయీ నగరంలోని మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకువెళితే తప్పక చూపించండి. దానితోపాటు ఇంకొక కథ కూడా చెప్పండి. మారిషస్ డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగు మిగిలింది. పట్టుదలగా కాపాడి వాటిని మళ్లీ వందల్లోకి తెచ్చారు. పోయిన డోడో రాదు, ఉన్నదాన్ని మాత్రం నిలుపుకోవచ్చు. ఈ మాటతో నాకు తరవాత మళ్లీ పని పడుతుంది.

డచ్చివాళ్ల తరవాత 1715లో ఫ్రెంచివాళ్లు, 1810లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. గాంధీగారి దండియాత్ర మొదలైన తేదీ అది, కావాలనే ఎంచుకున్నారు. ఫ్రెంచివారి కాలపు గుర్తుగా పాంప్ల్‌మూస్ అనే ఊళ్లో వృక్షోద్యానం ఉంది. అంచులు పైకి లేచిన ఇత్తడి తాంబాళాల్లాంటి ఆకులతో అమెజాన్ తామరలు అక్కడి కొలనులో తేలుతుంటాయి. శ్రీతాళ వృక్షాలు కూడా ఉన్నాయి. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న తాళపత్రాల చెట్టు అదే. అది బతుకంతటిలో ఒక్కసారే, ముప్ఫై నుంచి ఎనభై ఏళ్ల వయసులో, పూస్తుంది. పూసి, కాసి, చచ్చిపోతుంది.

ఇక ఫ్రెంచి దొరలూ ఇంగ్లీషు దొరలూ ఆ దీవిలో చెరకు పెంచారంటే, పెంచిన చేతులు వాళ్లవి కావు. మొదట ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని తెచ్చారు. నైరుతి కొసన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ల మోర్న్ అనే కొండ ఉంది. ఎత్తు 556 మీటర్లు, మూడు వైపులా నిట్రాయి గోడ. పారిపోయిన బానిసలు దానిమీద దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు కొండ ఎక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకి ప్రాణాలు విడిచారని జనం చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. కింద బీచిలో హోటళ్లున్నాయి. ఈత కొడుతూ తల ఎత్తి చూస్తే ఆ కొండే కనిపిస్తుంది.

బానిసల తరవాత వచ్చినవాళ్లు మనవాళ్లు. రాజధాని పోర్ట్ లూయీలో, రేవు పక్కన, ఆప్రవాసీ ఘాట్ అనే చోట నల్లరాతి మెట్లు ఉన్నాయి. చూడ్డానికి మన ఊరి చెరువు మెట్లకంటే గొప్పగా ఏమీ ఉండవు. దానికి కూడా 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటివరకు సుమారు నాలుగున్నర లక్షలమంది మన దేశస్థులు కూలి ఒప్పందం మీద ఆ దీవికి వెళ్లారు. ఒప్పందం ఐదేళ్లు. మగకూలీకి నెలకు ఐదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఎక్కువమంది బీహారు వైపువాళ్లు, కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మన మహారాష్ట్ర నుంచి రత్నగిరి, సతారా ప్రాంతాలవాళ్లు వెళ్లారు. తెలుగువాళ్లు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలనుంచి వెళ్లారు. యానానికి కూతవేటు దూరంలో ఉన్న కోరంగి రేవు పేరుమీదుగా వాళ్లకు అక్కడ కోరంగీలు అనే పేరు పడింది. ఇవాళ కోరంగిలో ఓడలు లేవు, మడ అడవి ఉంది. రేవు పోయినా ఆ రేవు పేరు అంతదూరాన మనుషుల మీద మిగిలింది.

అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. కూలీలను పోగుచేసే మేస్త్రీలు ఇక్కడ ఊళ్లలో తిరుగుతూ, ఆ దీవిలో రాయి తిప్పితే కింద బంగారం దొరుకుతుందని ఆశపెట్టేవారట. వెళ్లినవాళ్లకు రాళ్లు దొరికాయి. అగ్నిపర్వతం విరజిమ్మిన నల్లరాళ్లు పొలమంతా. వాటిని ఏరి, మోసి, పేర్చి, నేల ఖాళీ చేస్తేగాని చెరకు నాటడానికి వీలులేదు. మీరు మారిషస్‌లో ఏ రోడ్డున వెళ్లినా చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొన్ని అడ్డగోడల్లా, కొన్ని మెట్లు మెట్లుగా గోపురాల్లా. తరవాతి కాలంలో యంత్రాలు వచ్చాయి, నిజమే. అంతకుముందు పేర్చినవన్నీ మనుషుల చేతులు పేర్చినవే. బస్సు కిటికీలోంచి చూసేవాడికి అవి ఊరికే రాళ్లు. నాకైతే అవి సంతకాలు అనిపించాయి. రాయడం రాని మనుషులు ఆ నేలమీద చేసిన సంతకాలు.

మరి ఆ మనుషుల మనుమలూ మునిమనుమలూ ఇప్పుడు ఎలా ఉన్నారు? బాగున్నారు. ఉపాధ్యాయులు, డాక్టర్లు, ఆఫీసర్లు, మంత్రులు అయ్యారు. ఇంట్లో మాట్లాడేది క్రియోలు, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి జనభాష. పత్రిక చదివేది ఫ్రెంచిలో, ఆఫీసు పని ఇంగ్లీషులో. తెలుగు ఇంటిభాషగా చాలా కుటుంబాల్లో పోయింది. అయితే తెలుగుతనం పోలేదు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినం. అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. 1947 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు కోరుకుంటే తెలుగు నేర్చుకోవచ్చు. మోకా అనే ఊళ్లో 1970లో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చ, కొందరికి ఫొటోతో సహా అందులో రాసి ఉన్నాయి. ముత్తాత ఊరు ఏదో వెతుక్కునేవాళ్లు అక్కడికి వస్తూ ఉంటారు.

అలాంటి ఒక బడిలో తెలుగు చెప్పే పంతులమ్మతో నాకు మాట్లాడే అవకాశం కలిగింది. ఆమె తెలుగు అచ్చంగా పుస్తకంలోని తెలుగు. ప్రతి మాటా తూచి, ఆగి, పూర్తిగా పలుకుతుంది. గబగబా దూకే మన మాట ఆమెకు సగమే అందింది. పాటల పుస్తకం చూపించింది. పాటలు తెలుగువే, అక్షరాలు ఇంగ్లీషువి. తన తరగతిలో పిల్లలు తెలుగు అక్షరాలతో ఎత్తి రాసిన నోటుపుస్తకాలు పక్కన పెట్టి, “ఇవి చూడండి మాస్టారు గారూ, మా తాతగారు రాయలేదు, మా నాన్నగారు రాయలేదు, ఈ పిల్లలు రాయుచున్నారు” అంది. తరవాత, “మీ ఊరిలో పిల్లలందరూ తెలుగు రాయుదురు కదా?” అని అడిగింది.

ఉన్నమాటే చెప్పాను. మా ఊళ్లో తెలుగువాళ్లు వేలకొద్దీ ఉన్నారు. ఇంట్లో తెలుగే, సంతలో తెలుగే, మగ్గం దగ్గర తెలుగే. కాని మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, రాత రాదు. బడిలో మరాఠీ రాస్తారు, ఇంగ్లీషు రాస్తారు. అమ్మమ్మకు ఉత్తరం రాయమంటే తెల్లముఖం వేస్తారు. ఆమె కొంచెంసేపు ఆలోచించి, “మాకు మాట పోయినది, రాత వచ్చినది. మీకు మాట ఉన్నది, రాత పోవుచున్నది. ఇద్దరినీ కలిపిన ఒక తెలుగువాడు అగును” అని నవ్వింది.

శ్రోతలారా, ఆ నవ్వు వెనక ఉన్న సంగతి మనం ఆలోచించవలసినది. షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా మన పరిస్థితి ఇంచుమించు ఒకటే. తాతలు బతుకుతెరువు కోసం వచ్చారు, వచ్చినచోటి భాష నేర్చుకున్నారు. అది మంచిదే. మరాఠీ నాకు అన్నం పెట్టిన భాష, దానిపట్ల నాకు గౌరవం తప్ప మరొకటి లేదు. కాని ఒక భాష నేర్వడానికి ఇంకొకటి వదులుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. మారిషస్ పిల్లవాడు ఇంట్లో క్రియోలు మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతూ, తెలుగు అక్షరాలు కూడా దిద్దుతున్నాడు. ఇంట్లో రోజంతా తెలుగు వినే మన పిల్లలకు యాభైఆరు అక్షరాలు నేర్పడం రాళ్లు మోయడమంత కష్టమా? వేసవి సెలవుల్లో రోజుకు అరగంట చాలు. డోడో సంగతి చెప్పినప్పుడు ఒక మాట అన్నాను, గుర్తుంది కదూ? ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు.

ఇక బయలుదేరేవారికి నాలుగు ఉపయోగపడే మాటలు. అక్కడి ఋతువులు మనకు తలకిందులు. మనకు మండువేసవి అయిన మే నెల అక్కడ చలికాలపు మొదలు. చలి అంటే వణికించే చలి కాదు, పగలు హాయిగా ఉంటుంది. బడిపిల్లలున్న కుటుంబాలకు మన వేసవి సెలవులే అనువైన కాలం. జనవరి నుంచి మార్చి వరకు తుపానుల భయం ఉంటుంది. పాస్‌పోర్టు తప్పనిసరి. మామూలు పర్యటనకు వెళ్లే భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. తిరుగు టికెట్టు, బస ఏర్పాటు, ఖర్చులకు తగిన డబ్బు చూపించవలసి ఉంటుంది. నియమాలు మారుతూ ఉంటాయి కనక టికెట్టు కొనేముందు ఒకసారి విచారించుకోండి. అక్కడిదీ రూపాయే. మన రూపాయికన్నా దాని విలువ ఎక్కువ. నోటుమీద ఇంగ్లీషుతోపాటు తమిళం, హిందీ అక్షరాలు కూడా ఉంటాయి. హోటలు వాళ్ల కార్లే ఎక్కనక్కరలేదు. ఊరూరికీ బస్సులున్నాయి. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ వరకు 2022 నుంచి మెట్రో రైలు కూడా నడుస్తోంది.

శాకాహారులు దిగులుపడనక్కరలేదు. వీధిచివర బండిమీద ధోల్ పూరీ అమ్ముతారు. పప్పు పొడి కూరి వత్తిన పల్చటి రొట్టె, లోపల చిక్కుడుగింజల కూర, పచ్చడి. గాతో పిమాఁ అనే తినుబండారం ఉంది. పేరు విని బెదరకండి, అది మన పప్పువడే, కాస్త చిన్నది. పగడపు తీరంలో నీళ్లలోకి దిగేటప్పుడు కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి. ముళ్లున్న ప్రాణులు రాళ్లసందున ఉంటాయి. క్యూర్‌పీప్ వైపు వెళ్లేరోజు గొడుగు మరవకండి.

రోజులు తక్కువుంటే ఒక వరస చెబుతాను. ఒక రోజు పోర్ట్ లూయీ, ఆప్రవాసీ ఘాట్, పాంప్ల్‌మూస్ తోట. ఒక రోజు క్యూర్‌పీప్, గంగా తలావ్, షామరెల్. ఒక రోజు ల మోర్న్, దక్షిణ తీరం. మిగిలిన రోజులు సముద్రానికి వదిలేయండి, అందుకు కదా వెళ్లింది. దారిలో చెరకు తోట పక్కన ఎక్కడైనా వీలు చూసుకుని ఒక్క ఐదు నిమిషాలు బండి ఆపించండి. తోటలోకి వెళ్లనక్కరలేదు. గట్టుమీద నిలబడి ఆ నల్లరాళ్ల గుట్టను పిల్లలకు చూపించండి. ఈ రాయి మన ఊరి రాయికి చుట్టమని చెప్పండి. దీన్ని మోసినవాళ్లు మనకు చుట్టాలని చెప్పండి. వీలుంటే ఆ రాత్రి హోటలు గదిలో ఆ మాటలే వాళ్లచేత తెలుగులో రాయించండి. నాలుగు వాక్యాలైనా సరే, తప్పులున్నా సరే. ఫొటోలు రంగు వెలిసిపోతాయి. ఆ కాగితం మాత్రం దాచిపెట్టుకోండి.